ఆమె భాషలో చెప్పండి, ఆమెనే అడగండి

ప్రభుత్వాసుపత్రిలో కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకొనే స్త్రీ చేత ముందుగా ఒక సమ్మతి పత్రం మీద సంతకమో, వేలిముద్రో తీసుకొంటారు. ఇందలి విషయాలన్నిటినీ తనకు తన సొంత భాషలో చదివి వినిపించి వివరించారని ఆమె ఒప్పుకొనే అంశం ఆ పత్రంలోనే ఉంటుంది. చదువు రానివారికి వారి భాషలో పూర్తిగా వివరించామని కౌన్సెలర్ విడిగా సంతకం చేయవలసిన చోటు కూడా ఉంటుంది. కాగితం మీద ఏర్పాటు చక్కగానే ఉన్నది. అయితే కర్నూలు పాతబస్తీ నుండో, రాయచోటి నుండో, హైదరాబాదు యాకుత్‌పురా నుండో వచ్చిన ఒక ఇల్లాలు, ఇంట్లో దక్కనీ ఉర్దూ తప్ప మరొకటి మాట్లాడనిది, ఆ పత్రం ముందు కూర్చున్నపుడు 'సొంత భాష' అనే ఆ మాటకు అర్థమేమిటి? ఆమెకు ఎవరు చదివి వినిపించారు? ఏ భాషలో?

ఈ ప్రశ్నను మేము కేవలం భాషాభిమానంతో అడగడం లేదు. గర్భం, కాన్పు, ఋతుసంబంధమైన రుగ్మతలు, గర్భనిరోధం వంటి విషయాలలో అర్థం కాని మాటకు చెల్లించవలసిన మూల్యం ఆ స్త్రీ శరీరమే గనుక అడుగుతున్నాము.

మా దృష్టికి వచ్చిన ఒక ఉదంతం చెప్పుకొందాము. రాయలసీమలోని ఒక పట్టణంలో ముప్పై నాలుగేళ్ళ స్త్రీ అధిక రక్తస్రావంతో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళినది. భర్త కువైట్‌లో ఉన్నాడు. వెంట వచ్చినది తెలుగు మాధ్యమంలో అయిదవ తరగతి చదువుతున్న కొడుకు. "గర్భసంచి తీసివేయాలి" అని అక్కడివారు చెప్పారు. ఆ పిల్లవాడికి 'సంచి' అంటే తెలుసు, 'గర్భసంచి' అంటే తెలియదు. "పేట్ మే థైలీ హై కతే, నికాల్తే కతే" అని తల్లికి చెప్పాడు. కడుపులో ఏదో గడ్డ ఉన్నది, దానిని తీసివేస్తారు కాబోలునని ఆమె అనుకొన్నది. వేలిముద్ర వేసినది. రెండేళ్ళ తరువాత మరొక నొప్పికి వేరొకచోట స్కానింగు చేయించుకొన్నపుడు గాని, తనకు 'బచ్చేదానీ' లేదన్న సంగతి ఆమెకు తెలియలేదు. రెండేళ్ళుగా నెలసరి ఎందుకు ఆగిపోయినదో ఆమె ఎవరినీ అడగలేదు. అడగడానికి సిగ్గు, చెప్పడానికి మాట లేదు.

ఆ పిల్లవాడిని తప్పు పట్టగలవారెవరు? పదేళ్ళ బాలుణ్ణి తల్లి గర్భాశయం గురించి దుబాసీగా నిలబెట్టిన పద్ధతినే తప్పు పట్టాలి. ఇది ఒక్క ఇంటి కథ అనుకొనే వీలు కూడా లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూస్తే, గర్భసంచి తొలగింపు దేశంలోకెల్లా ఎక్కువగా కనిపించే రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే. ఇందులో ముస్లింలు, ముస్లిమేతరులు అన్న భేదమేమీ లేదు. పేదరికం, అవగాహన లేమి అందరికీ ఒకటే. అనవసరమైన గర్భసంచి శస్త్రచికిత్సలను అరికట్టే మార్గదర్శకాలను అమలులోకి తేవాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలకు ఆదేశమిచ్చినది కూడా. మన స్త్రీలకు ఆ ఉమ్మడి కష్టం మీద భాష మరొక పొరగా చేరుతున్నది.

న్యాయస్థానాలు ఈ సంగతిని ఎన్నడో గుర్తించాయి. 2008లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక వివాదంలో, పరీక్ష కోసమని సమ్మతి ఇచ్చిన స్త్రీ మత్తులో ఉండగా, ఆమె తల్లి సంతకంతో గర్భసంచి తీసివేశారు. పరీక్షకు ఇచ్చిన సమ్మతి శస్త్రచికిత్సకు చెల్లదని, వయసు వచ్చిన స్త్రీ తన శరీరం గురించి తానే నిర్ణయం చెప్పగలిగి ఉండగా తల్లి సంతకం కూడా చాలదని న్యాయస్థానం తేల్చినది. 2016 సెప్టెంబరులో దేవికా బిశ్వాస్ కేసు తీర్పులో మరొక అడుగు ముందుకు వేసినది. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స పర్యవసానాలను ఆ వ్యక్తికి అర్థమయ్యే భాషలో చెప్పాలని, చెప్పినట్లు, ఆమె గ్రహించినట్లు వైద్యుడు ధ్రువీకరించాలని, మనసు మార్చుకొనేందుకు ఆమెకు సుమారు గంట వ్యవధి ఇవ్వాలని నిర్దేశించినది. శస్త్రచికిత్సల శిబిరాలను మూడేళ్ళలో ఆపివేయాలన్నది కూడా ఆ తీర్పులోని మాటే. అది వచ్చిన ఆరేళ్ళకు, 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు శిబిరం పెట్టి 34 మంది స్త్రీలకు శస్త్రచికిత్సలు చేయగా నలుగురు మరణించారు. తీర్పులు వాటంతట అవి ఆసుపత్రి గుమ్మం దాటి లోపలికి నడచిపోవు.

ఇక భాష సంగతి. తెలంగాణలో 2017 నుండి ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో చట్టసవరణ ద్వారా అదే హోదా లభించినది. మన నాయకులు ఆ రోజులలో మిఠాయిలు పంచుకొన్నారు. కార్యాలయాల బోర్డుల మీద మూడవ వరుసగా ఉర్దూ అక్షరాలు కనిపిస్తున్నందుకు మేమూ సంతోషించాము. బోర్డు చూసి ఆసుపత్రి ఎక్కడున్నదో తెలుస్తుంది. లోపల తనకేమి చేయబోతున్నారో బోర్డు చెప్పదు. గర్భిణికి ఇచ్చే మాతాశిశు సంరక్షణ కార్డు, శస్త్రచికిత్స సమ్మతి పత్రం, మందుచీటీ వెనుక వ్రాసే సూచనలు, ఇవి ఉర్దూలోకి వచ్చిన నాడు అధికార భాష అన్న మాటకు బరువు వస్తుంది.

అయితే ఇక్కడ మనలో మనం ఒక నిజం మాట్లాడుకోవాలి. అంతా ఉర్దూలో అచ్చువేస్తే సమస్య తీరిపోతుందని మేము అనుకోవడం లేదు. మన తెలుగు నేల ముస్లింల భాషా స్థితి అంత సులువైనది కాదు. కోస్తా జిల్లాలలో, దూదేకుల సోదరుల ఇళ్ళలో తెలుగే మాతృభాష. రాయలసీమలో ఇంట్లో దక్కనీ మాట్లాడుతారు గాని బడి చదువు తెలుగులో. అక్కడి ఆడపిల్లలలో చాలామంది ఖుర్ఆన్‌ను అరబీలో పారాయణం చేయగలరు, తెలుగు పత్రిక చదవగలరు, ఉర్దూ వాక్యాన్ని మాత్రం కూడబలుక్కొని చదువుతారు. హైదరాబాదు పాతబస్తీలో దీనికి భిన్నంగా ఉర్దూ చదివి, తెలుగు రాని తల్లులున్నారు. ఏదీ చదవలేని ముసలివారూ ఉన్నారు.

ఇటువంటి చోట ఢిల్లీలో తయారైన ఉర్దూ కరపత్రం తెచ్చి పంచితే ఏమవుతుంది? 'ఖాందానీ మన్సూబాబందీ' అని శీర్షిక పెట్టిన కాగితాన్ని మన పలమనేరు అమ్మ ఏమి చేసుకొంటుంది? ఆమె భాషలో కుటుంబ నియంత్రణ అంటే 'ఆపరేషన్', గర్భసంచి అంటే 'బచ్చేదానీ', తెల్లబట్ట అంటే 'సఫేద్ పానీ', కాన్పు అంటే 'జచ్చగీ'. ఆసుపత్రి తెలుగు కూడా అంతే. 'ఋతుచక్రం', 'గర్భాశయ ముఖద్వారం' అని పోస్టర్లలో వ్రాసే తెలుగు, తెలుగు మాతృభాషగా గల స్త్రీలకే కొరకరాని కొయ్య.

కనుక మేము కోరుతున్నది ఒకే కాగితం మీద రెండు భాషలు. ఒక వైపు నలుగురూ మాట్లాడే తెలుగు. దాని ఎదురుగా అదే విషయం ఉర్దూ లిపిలో. దాని క్రిందనే తెలుగు లిపిలో వ్రాసిన దక్కనీ. "సర్ మే బహుత్ దర్ద్ హై, ఆంఖాఁ కూ ధుంద్లా దిఖ్‌రా" అని తెలుగు అక్షరాలలో ఉంటే మదనపల్లెలో ఇంటరు చదివే అమ్మాయి తన తల్లికి చదివి వినిపించగలదు. ఆ తల్లి ఆ వాక్యం మీద వేలుపెట్టి చూపితే, ఎదురుగా ఉన్న తెలుగు చదివి నర్సు గుర్రపువాతపు ప్రమాదాన్ని పసిగట్టగలదు. ఉర్దూ రాని నర్సుకు, తెలుగు రాని తల్లికి మధ్య ఆ కాగితమే దుబాసీ. ఒక్క భాషలో వేసిన కాగితం ఈ పని చేయలేదు. చదవలేని వారి కోసం అవే మాటలను ఒక స్త్రీ గొంతుతో రికార్డు చేసి ఫోనులో పంపవచ్చు. ఈ రోజులలో అదేమంత ఖర్చుతో కూడిన పని కాదు.

ఏమి చెప్పాలన్నది కూడా ముఖ్యమే. మూడు నెలలకొకసారి వేసే 'అంతర' ఇంజెక్షన్‌ను ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్నది. అది తీసుకొన్న కొందరికి తొలి నెలల్లో రక్తస్రావం అదును తప్పుతుంది, మరికొందరికి నెలసరి ఆగిపోతుంది. కాపర్-టి వేయించుకొన్న కొత్తలో రక్తస్రావం ఎక్కువ కావచ్చు. 'ఛాయ' మాత్రలతో నెలసరి ఆలస్యం కావచ్చు. ఇవి సాధారణంగా భయపడవలసిన మార్పులు కావు. కాని ఐదు పూటలా నమాజు చేసే స్త్రీకి ప్రతి రక్తపు మరకా ఒక ధార్మిక ప్రశ్న. ఇది హైజా, ఇస్తిహాజానా? నమాజు మానాలా, చేయాలా? రోజా చెల్లుతుందా? ముందే చెప్పి ఉంటే ఆమె సిద్ధపడి ఉండేది. చెప్పకపోవడం వల్ల భయపడి రెండవ ఇంజెక్షన్‌కు వెళ్ళదు. ఆ తరువాత "వీళ్ళు ఎంత చెప్పినా వినరు" అన్న నింద మన బస్తీ మీద పడుతుంది. వినరని అనడానికి ముందు, చెప్పారా అని అడగవలసి ఉన్నది.

ఈ సందర్భంలో ఒక విషయం ఆరోగ్య శాఖవారు తెలుసుకొంటే బాగుండును. మక్తబ్‌లో చదివిన మన ఆడపిల్లలకు ఈ లెక్కలు కొత్త కావు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం హైజ్ మూడు రోజులకు తగ్గదు, పది రోజులకు మించదు. నిఫాస్ గరిష్ఠంగా నలభై రోజులు. ఈ హద్దులు దాటిన రక్తస్రావం ఇస్తిహాజా. నమాజు కోసమని తేదీలను ఇంత జాగ్రత్తగా గుర్తుంచుకొనే స్త్రీలు ఏ వైద్యురాలికైనా వరం వంటివారు. కాని జరుగుతున్నదేమిటి? పదిహేను రోజులు రక్తస్రావం ఆగని స్త్రీ మసలా అడగడానికి ముఅల్లిమా వద్దకు వెళుతుంది. "ఇది ఇస్తిహాజా, వుజూ చేసుకొని నమాజు చదువుకో" అని ఆమె సరియైన సమాధానమే చెపుతుంది. ఆ స్త్రీ తృప్తిపడి ఇంటికి వస్తుంది. గర్భసంచిలో కంతులున్నా, థైరాయిడ్ లోపమున్నా, రక్తహీనత ముదిరినా, ముఖద్వారపు క్యాన్సర్ మొదలైనా ఆ రక్తస్రావమే తొలి హెచ్చరిక కావచ్చునన్న మాట ఆమెకు ఎవరూ చెప్పరు. మసలా తీరినది, జబ్బు మిగిలినది. ముఅల్లిమాలు ఆ సమాధానానికి మరొక్క వాక్యం చేర్చాలని మా అభ్యర్థన: "నమాజు చదువుకో, రేపే డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళు." నెలసరులు పూర్తిగా ఆగిపోయిన తరువాత మళ్ళీ రక్తం కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయరాదని కూడా చెప్పాలి.

సిగ్గు ఈమాన్‌లో భాగమని చెప్పి ఈ మాటలను అణచివేసేవారు మన మధ్య లేకపోలేదు. అన్సార్ స్త్రీలు హైజ్, గుస్ల్ గురించి దైవప్రవక్త (స) వారిని నేరుగా అడిగి తెలుసుకొన్నారని, నేర్చుకోవడానికి సిగ్గు వారికి అడ్డు రాలేదని హజ్రత్ ఆయిషా (రజి) వారిని మెచ్చుకొన్నారని హదీసు గ్రంథాలు చెపుతున్నాయి. మదీనా మస్జిద్‌లో అడగగలిగిన ప్రశ్న మన ఊరి ఆరోగ్య కేంద్రంలో అడగకూడనిదెలా అయినదో ఆ పెద్దలే చెప్పాలి.

కుటుంబ నియంత్రణ అనగానే మనవారిలో కనిపించే అనుమానానికి చరిత్ర ఉన్నది. దానిని మూఢత్వమని కొట్టిపారవేయడం అన్యాయం. 1976 నవంబరులో హర్యానాలోని ఉటావర్ గ్రామాన్ని పోలీసులు చుట్టుముట్టి మగవారిని బలవంతపు శస్త్రచికిత్సలకు తరలించిన సంగతిని ముస్లిం సమాజం మరచిపోలేదు. మరొక వైపు 'జనాభా పెంచుతున్నారు' అన్న దెప్పిపొడుపు ఎన్నికల వేదికల మీద ఇప్పటికీ ఆగలేదు. లెక్కలు వేరే చెపుతున్నాయి. 1992-93 సర్వేలో ఒక ముస్లిం స్త్రీకి సగటున 4.4గా ఉన్న సంతానం 2019-21 నాటికి 2.36కు దిగినది. అంటే మన ఇల్లాళ్ళు బిడ్డల మధ్య ఎడం పాటిస్తున్నారు, కుటుంబాన్ని పరిమితం చేసుకొంటున్నారు. చేస్తున్న పనికి తగిన సమాచారం మాత్రం వారి చేతిలో లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 69.6 శాతం, తెలంగాణలో 61.9 శాతం వివాహితలు స్త్రీ శస్త్రచికిత్స మీదనే ఆధారపడి ఉన్నారని అదే 2019-21 సర్వే తెలుపుతున్నది. పురుషుల శస్త్రచికిత్స దేశం మొత్తం మీద 0.3 శాతం. తాత్కాలిక పద్ధతుల గురించి ఎవరూ చెప్పని చోట, తిరిగి రాని పద్ధతే మిగులుతుంది. ఉలమాలో అనేకులు శాశ్వత పద్ధతిని ఆమోదించరు, తాత్కాలిక పద్ధతులకు అవకాశమిస్తారు. అంటే తన దీన్ ప్రకారం నడుచుకోదలచిన స్త్రీకే తాత్కాలిక పద్ధతుల సమాచారం మరింత అవసరం. ఈ చిన్న సంగతి ఇటు ఆరోగ్య శాఖకు గాని, అటు మన సంఘాల పెద్దలకు గాని తట్టినట్లు లేదు.

భర్తల మాట కూడా చెప్పాలి. గల్ఫ్‌లో ఉన్న భర్త ఫోను ఎత్తలేదని భార్య చికిత్స ఆగిపోతున్న ఇళ్ళు ఉన్నాయి. గర్భస్రావ చట్టం ప్రకారం వయసు వచ్చిన స్త్రీ సమ్మతి ఒక్కటే చాలు, భర్త సంతకం అడగనక్కరలేదు, ఆమె పేరును వెల్లడి చేయరాదు. ఎప్పుడు, ఏ కారణం మీద ధర్మసమ్మతం అన్నది ఆమె విశ్వసించే ఆలిమ్‌ను అడగవలసిన ప్రశ్న. చట్టం ఏమంటున్నదో తెలియకుండా ఆమెను ఉంచే హక్కు మాత్రం ఎవరికీ లేదు. తెలియనితనం వల్లనే నాటు మందులు, గుర్తింపు లేని క్లినిక్‌లు బ్రతుకుతున్నాయి.

భర్త వెంట ఉన్నపుడు కూడా అతడే దుబాసీ కావడం మంచిది కాదు. భర్త ముందు చెప్పలేని నొప్పులు భార్యకు ఉంటాయి. అత్తగారి ముందు చెప్పలేనివి ఇంకా ఎక్కువ. దుబాసీ స్త్రీ అయి ఉండాలి, ఆ ఇంటి మనిషి కాకూడదు, విన్నది బయట చెప్పనిదై ఉండాలి. పురుష వైద్యుడు పరీక్షించేటపుడు మరొక స్త్రీ ప్రక్కన ఉండాలని అడగడం హక్కని జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రమే చెపుతున్నది. పర్దా పాటించే స్త్రీ దీనిని ప్రాధేయపడి కోరనక్కరలేదు.

ఇప్పుడు చేయవలసిన పని. ప్రభుత్వ కార్యాలయంలో జీవితమంతా కాగితాల మధ్య గడిపిన అనుభవంతో చెపుతున్నాము: నోటితో అడిగినది గాలిలో పోతుంది, ఇన్‌వర్డ్ నంబరు పడిన కాగితానికి ఎవరో ఒకరు సమాధానం వ్రాయవలసి వస్తుంది. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా మన కష్టాన్ని అధికారికి వ్రాసుకోవచ్చు. మీ జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి వినతిపత్రాలు ఇవ్వండి. రశీదు తీసుకోండి. ఆ తరువాత సమాచార హక్కు చట్టం క్రింద నాలుగే ప్రశ్నలు అడగండి. మీ ఆసుపత్రిలో సమ్మతి పత్రాలు ఏయే భాషలలో ఉన్నాయి? కాన్పుల వార్డులో ఉర్దూ తెలిసిన సిబ్బంది ఎందరు? గత మూడేళ్ళలో గర్భసంచి తొలగింపులు ఎన్ని, ఏ వయసు వారికి? మీ బస్తీకి ఆశా కార్యకర్త ఉన్నదా, ఆమె ఆ బస్తీ మనిషేనా? ముప్పై రోజులలో జవాబు రావాలి. రాకపోతే అప్పీలు వేయండి. ప్రశ్నలు ఎక్కువ వ్రాయవద్దు, ఎక్కువైతే తప్పించుకొనే దారులు ఎక్కువవుతాయి.

ఆశా పోస్టు ఖాళీ అయినపుడు మన బస్తీలో పదవ తరగతి చదివిన కోడలిని దరఖాస్తు చేయనివ్వండి. "మా ఇంటి ఆడవారు గడప దాటరు" అని చెప్పే పెద్దమనిషే, తన కూతురి కాన్పుకు దక్కనీ మాట్లాడే నర్సు లేదని ఫిర్యాదు చేయడం మేము చూస్తూనే ఉన్నాము. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు ఉచితంగా వైద్యుల పరీక్షలుంటాయి. ఆ తేదీకి ముందు వచ్చే జుమా నాడు ఖుత్బా తరువాత ఒక్క నిమిషం ఆ ప్రకటన చేయడానికి ఏ ముతవల్లీ కాదనడని ఆశిస్తున్నాము. రమజాన్‌కు ముందైతే, గర్భిణికి, పాలిచ్చే తల్లికి హాని భయమున్నపుడు రోజా వాయిదా వేసుకొనే అనుమతి ఉన్నదని కూడా అదే నోటితో చెప్పాలి. ఈ మాట నర్సు చెపితే నమ్మని అత్తగారు ఇమామ్ సాబ్ చెపితే నమ్ముతారు.

వచ్చే సంచిక మధ్య పుటలలో రెండు భాషల కాగితాన్ని అచ్చువేయాలని నిర్ణయించాము. పత్రిక నుండి విడదీసి గోడకు అతికించుకొనే విధంగా ఉంటుంది. గర్భిణి ప్రమాద సూచనలు, తాత్కాలిక పద్ధతులు, వాటి వలన వచ్చే మార్పులు, శస్త్రచికిత్సకు ముందు అడగవలసిన ప్రశ్నలు అందులో ఉంటాయి. వైద్యపరమైన అంశాలను ఇద్దరు స్త్రీ వైద్య నిపుణుల చేత, ధార్మిక పదాలను ఒక ఆలిమా చేత సరిచూపిస్తున్నాము. మాటల కోసం మాత్రం మాకు మీరే కావాలి. గర్భసంచిని, తెల్లబట్టను, ఉమ్మనీరును, గుర్రపువాతాన్ని మీ ఊళ్ళో, మీ ఇంట్లో ఆడవారు ఏమంటారో అడిగి, ఊరి పేరుతో సహా ఈ నెల 20వ తేదీలోగా మాకు చేరేటట్లు వ్రాయండి. తెలుగు లిపిలో వ్రాసినా, ఉర్దూ లిపిలో వ్రాసినా సరే.